పది నిమిషాల దారికి ఇమామ్ జామిన్

యీషున్‌లో మా ఫ్లాట్ నుంచి మండాయ్ అడవిలోని ఆ లాడ్జికి టాక్సీలో పది నిమిషాలు. అంతమాత్రం దూరానికి ఇమామ్ జామిన్ కట్టే మనిషివి సింగపూర్ మొత్తంలో నువ్వొక్కదానివే అని మా ఆయన ఇక్బాల్ లిఫ్టు దగ్గర నిలబడి వెటకారం చేశాడు. చెయ్యనీ అనుకున్నాను. ఆయన వెటకారాలకు ఆగేదాన్నైతే నా సంసారంలో ఒక్క పనీ అయ్యేది కాదు.

మా ఇళ్లలో ఎవరైనా ప్రయాణం కడితే ఒక నాణేన్ని పట్టుగుడ్డలో చుట్టి కుడి జబ్బకు కట్టి పంపుతారు. ఇమాముగారి పూచీ మీద మనిషిని సాగనంపుతున్నామని దాని అర్థం. చేరాక విప్పి, ఆ నాణేన్ని పేదవాళ్లకు ఇచ్చేయాలి. విమానమెక్కే వాళ్లకు కట్టడం అందరూ చేసేదే. నేను మాత్రం స్కూలు పిక్నిక్కులకు కూడా కడతాను.

"అమ్మీ, జస్ట్ మండాయ్ లా!" అని గునుస్తూనే తూబా చెయ్యి చాపింది. తొమ్మిదేళ్లది. గునుస్తుంది గాని చెయ్యి చాపకుండా ఎప్పుడూ లేదు.

"ఎప్పుడు విప్పాలె?" పాఠం అప్పజెప్పించుకున్నట్టు అడిగాను.

"ఇల్లు చేరినంక."

"హోటల్ల విప్పొచ్చా?"

"నో. ఇంట్లనే. ఐ నో, అమ్మీ."

ముడి వేస్తూ ఎప్పుడూ చదివే దువానే చదివాను. యా అల్లా, నా బిడ్డను క్షేమంగా ఇల్లు చేర్చు. ఆ జూన్ సెలవుల్లో ఆ మాట చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తూబా నేను కన్న పిల్ల కాదు. నా చెల్లెలు కహకషాన్ కూతురు. చెల్లెలు, దాని భర్త అనస్ అప్పట్లో మా పక్క పేట సెంబవాంగ్‌లో ఉండేవాళ్లు. ఆస్పత్రి ఎంత దూరమని, కాన్పుకి వెళ్లేరోజు దాని చేతికి నేనేమీ కట్టలేదు. బిడ్డను మాకిచ్చి అది వెళ్లిపోయింది. అనస్ మనిషి మనిషిలో లేడు. షిప్‌యార్డు ఉద్యోగం వదిలేసి మస్కట్‌లో పని చూసుకుని, బొడ్డు కూడా ఊడని పిల్లను నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. పిల్లలు లేని నా ఒళ్లు అది. ఏడాదికోసారి రంజాన్‌కు వచ్చి, బొమ్మలిచ్చి, తల నిమిరి వెళ్లేవాడు. మూడేళ్ల కిందట మళ్లీ సబీహాను పెళ్లి చేసుకున్నాడు, కామ్రాన్ అని కొడుకు పుట్టాడు. మంచిదే అయిందని నేనే సంతోషించాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

సెలవులు మొదలవడానికి ముందు ఫోన్ చేశాడు.

"బాజీ, తూబాను మాతోని తీస్కపోవాలని ఉన్నది. బలవంతం చెయ్య. సెలవులల్ల సబీహా, నేను, కామ్రాన్ వస్తం. అందరం కలిసి రెండు రోజులు ఏడన్న ఉందాం. పిల్ల వస్తా అంటెనే. మీరు వద్దు అన్నా సరే, ఇగ ఆ మాట మళ్ల ఎత్త."

కోపం తెచ్చుకోవడానికి కూడా సందు ఇవ్వలేదు. మాట నెమ్మది, మనిషి నెమ్మది. ఫోన్ పెట్టేసి ఇక్బాల్‌తో చెప్పాను.

"తండ్రి గదా, హాజరా," అన్నాడు. అని, కారిడార్‌లోకి పోయి కుండీలకు నీళ్లు పోశాడు. పొద్దున్నే నేను పోసిన కుండీలకే.

*

ఆ లాడ్జి ఉన్నది ఎవరో బాగా డబ్బున్నవాళ్ల సొంత అడవిలో. రిజర్వాయర్ ఒడ్డున చెట్ల మధ్య గుంజల మీద లేపిన చెక్క కుటీరాలు, ఒక్కోదానికి అడవి వైపు నిలువెత్తు అద్దం, బయట చెట్టు కింద స్నానాల తొట్టి. దిగగానే నిమ్మగడ్డి వేసిన చల్లటి నీళ్లు, మొహం తుడుచుకోవడానికి వెచ్చటి తువ్వాళ్లు ఇచ్చారు. మా అనస్ ఒకదాని ఎదురుగా ఒకటి రెండు కుటీరాలు తీసుకున్నాడు. మధ్యలో చెక్క వంతెన.

"ఈ పైసలకు ఆఫ్రికా పోయి సింహం పక్కలనే పండుకోవచ్చు," అన్నాడు ఇక్బాల్ నా చెవిలో.

పైన చెట్ల కొమ్మలతో సమానంగా, చుట్టూ చూడటానికి కట్టిన అరుగు ఉంది. అక్కడికెక్కి అందరూ హార్న్‌బిల్ పక్షుల కోసం వెతుకుతుంటే, నేను చెట్ల అవతల తేలుతున్న యీషున్ బ్లాకుల్లో మాది ఏదా అని వెతికాను. దండెం మీద నా బట్టలు కనిపిస్తాయేమోనని కూడా చూశాను. కనిపించలేదు.

రోహానా అని యాభై ఏళ్ల మలయ్ ఆవిడ మాకు గైడు. మొదటే నియమాలు చెప్పింది. బండిలో లేచి నిలబడకూడదు. జంతువులకు ఏమీ పెట్టకూడదు. చీకటిపడ్డాక ఈ వంతెన మీద ఒంటరిగా నడవకూడదు, అడవి పందులు వస్తాయి, ఫోన్ చేస్తే మనిషి లైటు పట్టుకుని వస్తాడు.

సాయంత్రం పూట అడవిలో తిప్పడానికి పైకప్పు లేని ఆకుపచ్చ బండి వచ్చింది. నేను అందరికంటే ముందు వెళ్లి, నా పక్క సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను. హాకర్ సెంటర్లో తినడానికి బల్ల పట్టుకోవాలంటే ఇక్కడ అందరూ చేసే పనే, 'చోప్' అంటారు. ఇన్నేళ్లకు చెయ్యి దానంతటదే చేసేస్తుంది.

రోహానా చూసి పగలబడి నవ్వింది. "మేడమ్! సఫారీ బండి కూడా చోప్ చేస్తారా?"

"నా బిడ్డకు," అన్నాను.

తూబా వచ్చి ప్యాకెట్ తీసి నా ఒళ్లో పడేసి, నా పక్కన కూర్చుంది. కణుజు జింకలు కనిపించినప్పుడల్లా నా మోచెయ్యి పట్టి లాగింది. వెనక వరసలో అనస్, సబీహా, వాళ్ల మధ్య రెండేళ్ల కామ్రాన్. వాడు ఆ సాయంత్రమంతా తల్లి చున్నీలో మొహం దాచుకునే ఉన్నాడు. నాకు లోపల చెప్పలేనంత హాయిగా ఉండింది. పరాయివాళ్లు పరాయివాళ్లే అనుకున్నాను.

*

మర్నాడు పొద్దున కుటీరం అద్దానికి అవతల టపీర్ వచ్చింది. ముందు సగం నలుపు, వెనక సగం తెలుపు, ముక్కేమో పొట్టి తొండం. వచ్చి ఆకులు నములుతూ అద్దానికి ముక్కు ఆనించింది. అప్పటికి అందరం అనస్‌వాళ్ల కుటీరంలో చాయ్ తాగుతున్నాం. కామ్రాన్ నేల మీద బొమ్మకారు తోసుకుంటూ తలెత్తి, అద్దం నిండా ఉన్న ఆ మొహాన్ని చూశాడు.

కెవ్వుమన్నాడు. తల్లి నాలుగడుగుల దూరంలో ఉంది, తండ్రి ఇంకా దగ్గర. వాడు వాళ్లెవరి వైపూ పోలేదు. పరుగెత్తి తూబా కాళ్లను వాటేసుకున్నాడు.

"ఆపా! ఆపా!"

ఆ మాట వాడికి సబీహా నేర్పి ఉంటుంది. అక్కను అలా పిలవాలని మస్కట్‌లోనే ఫొటో చూపించి నేర్పి ఉంటుంది. అంతవరకు వాడు పిలవలేదు.

తూబా కదలకుండా నిలబడింది. తర్వాత కిందికి వంగి, వాడిని ఎత్తుకోవడం చేతకాక నడుం పట్టి పైకి లాగి, అద్దం వైపు తిరిగింది.

"ఇట్స్ ఓకే, కామ్రాన్. అది ఆకులే తింటది. ఆపా ఉన్నది గదా," అంది.

దాని మొహం నాకు ఒక పక్కనుంచే కనిపించింది. తొమ్మిదేళ్లుగా చూస్తున్న మొహం. జ్వరంలో, నవ్వులో, అబద్ధమాడేటప్పుడు, అన్నిట్లో చూశాను. ఆ మొహం అంతకుముందెప్పుడూ చూడలేదు. నా చాయ్ చల్లారిపోయింది, తాగాననిపించి కప్పు కింద పెట్టాను.

మధ్యాహ్నం వాళ్లిద్దరూ నీళ్ల తొట్టిలో ఆడుకుంటుంటే సబీహా నా పక్కకు వచ్చి కూర్చుంది. కరీంనగర్ పిల్ల. ముప్పై కూడా ఉండవు.

"బాజీ, తూబా తల దువ్వుతుంటె ఏడుస్తదా?"

"తడి మీదనే దువ్వాలె. కింద నుంచి చిక్కు తీసుకుంట పైకి పోవాలె."

"తినుడు?"

"చేపలు తినది. బగారన్నం ఎంతన్న తింటది. టమాట పచ్చడి కారం తక్కువ చేస్తె."

"భయపడి లేస్తె ఏం చేస్తరు?"

"లైటు వెయ్యొద్దు. వీపు మీద చెయ్యి పెడితె చాలు. అదే పండుకుంటది."

ఆమె ప్రతిదానికీ తల ఊపి, ఒకసారి పెదవుల్లో తిరిగి చెప్పుకుంది. ఒక్క పిచ్చి ప్రశ్న వేస్తే బాగుండునని ఎదురుచూశాను. కొంచెం మిడిసిపాటు, కొంచెం నిర్లక్ష్యం, ఏదో ఒకటి దొరికితే పట్టుకుందామని చూశాను. ఏమీ దొరకలేదు. ఆ పిల్ల మీద నాకున్న కోపమంతా అదే.

లేస్తూ లేస్తూ ఆమె అంది: "నేను దానికి అమ్మీని కాను, బాజీ. మీరే. నాకు తెల్సు."

ఆ మాట అనకపోయినా బాగుండేది.

సాయంత్రం మబ్బు పట్టి పెందలాడే చీకటిపడింది. తూబా కామ్రాన్‌తో బొమ్మలేసుకుంటూ ఎదురు కుటీరంలోనే ఉండిపోయింది. నేను వంతెన ఈ చివర నిలబడి చూశాను. అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. సబీహా దాని తల దువ్వుతోంది, కింద నుంచి చిక్కు తీసుకుంటూ. తూబా ఏడవడం లేదు. కామ్రాన్ దాని ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. అనస్ కొంచెం దూరంలో కూర్చుని, ఏమీ చెయ్యకుండా వాళ్లను చూస్తున్నాడు. కహకషాన్ పోయాక అతను అలా ఊరికే కూర్చోవడం నేను చూడలేదు.

లోపలికి వచ్చి, పిల్లను తీసుకురావడానికి మనిషిని పంపమని ఫోన్ ఎత్తాను.

"గుడ్ ఈవెనింగ్ మేడమ్, ఎస్కార్ట్ కావాలా?" అన్నారు అవతల.

"వద్దు," అని పెట్టేశాను. ఇక్బాల్ మంచం మీద నుంచి నన్ను చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. మా మధ్య తూబా పడుకునే చోటు అది.

మూడోరోజు పొద్దున ఆఖరిసారి బండి ఎక్కాం. మళ్లీ నా చెయ్యి నా పక్క సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టింది. తూబా కామ్రాన్ చెయ్యి పట్టుకుని వచ్చి, నన్ను చూసి నవ్వి, వెనక వరసలోకి ఎక్కేసింది. వాడిని మధ్యలో కూర్చోబెట్టి, "సిట్ ప్రాపర్లీ, లేచి నిలబడొద్దు," అని రోహానా చెప్పినట్టే చెప్పింది.

రోహానా నా పక్క సీటు చూసింది. ఈసారి నవ్వలేదు. బండి కదిలింది.

దారిలో ఆ ప్యాకెట్ చింపుకోవలసి వచ్చింది.

"కంట్ల దుమ్ము పడ్డదా?" అన్నాడు ఇక్బాల్.

"ఔ," అన్నాను. పొద్దున్నే వాన పడిన అడవిలో దుమ్మెక్కడిదని ఆయనా అడగలేదు.

*

ఇంటికొచ్చాక తూబా గడప దాటి, చెప్పులు విడిచి, చెయ్యి చాపింది. నేను ముడి విప్పాను. నాణెం పట్టుకుని ఇక్బాల్‌తో మసీదుకు పోయి డబ్బాలో వేసి వచ్చింది. ఆ పని అది ఎప్పుడూ మర్చిపోదు. నేను నేర్పిన పిల్ల.

అన్నం పెట్టాను. బగారన్నమే. సగం తిన్నాక చేత్తో మెతుకులు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

"అమ్మీ, నేను పోతె నువ్వు ఏడుస్తవా?"

అబద్ధం చెప్పొద్దని దాన్ని పెంచాను. "ఏడుస్త," అన్నాను.

"పోకుంటె కామ్రాన్ ఏడుస్తడు."

"ఔ."

"నీకు బాబా ఉన్నడు," అని ఇక్బాల్‌ను చూపించింది. "హి హ్యాజ్ నోబడీ టు ప్లే విత్." మెతుకులు జరపడం ఆపి నా వైపు చూసింది. "నువ్వు ఉండమంటె ఉంట, అమ్మీ. ప్రామిస్. ఐ వోంట్ బి శాడ్."

ఇక్బాల్ నీళ్ల గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. ఉండు అన్న మాట నా నాలుక చివర ఉంది. చిన్న మాట. అంటే అది ఉండిపోయేది, మాట తప్పే పిల్ల కాదు. అనస్ కూడా మాట తప్పే మనిషి కాదు. మేం ముగ్గురం ఆ బల్ల దగ్గర అలాగే ఇంకా పదేళ్లు అన్నం తినేవాళ్లం. శాడ్‌గా ఉండనని అది మాట ఇచ్చింది గనక, ఉన్నా నాకు కనపడనిచ్చేది కాదు. అద్దం దగ్గర, ఆ టపీర్ ముందు నేను చూసిన మొహాన్ని మాత్రం లోపల పెట్టుకుని తిరిగేది.

"ఈత బట్టలు ఎండేసినవా?" అన్నాను. "మస్కట్‌ల సముద్రం ఉంటదంట. మర్చిపోకు."

తూబా ఒక్క క్షణం నన్ను చూసి, కుర్చీ దిగి వచ్చి, ఎంగిలి చేత్తోనే నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఇక్బాల్ గ్లాసు కింద పెట్టి వాష్‌రూమ్‌లోకి పోయాడు. చాలాసేపు కుళాయి పారిన చప్పుడు.

*

చాంగీ ఎయిర్‌పోర్టులో సాగనంపేటప్పుడు కట్టడానికి కహకషాన్ పెళ్లి దుపట్టా అంచు కత్తిరించాను. తొమ్మిదేళ్లలో ఆ దుపట్టాకు కత్తెర ఆనించడం అదే మొదటిసారి. నాణెం పెట్టి, మడిచి, దాని జబ్బకు రెండు ముళ్లు వేసి కట్టాను.

"మరీ టైటు, అమ్మీ."

"ఉండనీ. ఎప్పుడు విప్పాలె?"

"ఇల్లు చేరినంక. నాకు తెల్సు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ నాకు నేర్పింది 'చేరాక విప్పాలి' అనే. ఎక్కడికి బయల్దేరితే అక్కడికి చేరాక. ఊళ్లో అందరూ చేసేదీ అదే. తూబాకు నేర్పేటప్పుడు 'ఇల్లు' అన్నది నేను కలిపాను. ఎక్కడికి పోయినా ఆ ముడి నా గడప లోపలే విడిపోవాలని, నా చేత్తో నేనే విప్పాలని, మా కుటుంబానికి లేని ఆచారం ఒకటి పుట్టించి పిల్లకు అలవాటు చేశాను. చాంగీలో నిలబడి నేను ధైర్యంగా ఉన్నానంటే దాని వల్లనే. డిసెంబరు సెలవులకు తెచ్చి చూపిస్తామని అనస్ అన్నాడు. అప్పటిదాకా నా ముడి దాని చేతికి ఉంటుంది. మాసిపోనీ, దారాలు లేవనీ. యీషున్ వచ్చాకే కదా విప్పేది.

గాజు గోడ అవతల అది కామ్రాన్‌ను నడిపిస్తూ పోయింది. మలుపు దగ్గర తిరిగి చెయ్యి ఊపింది. ఎర్రటి ముడి చాలా దూరం కనిపించింది.

జూలైలో బడులు తెరిచారు. కింద బస్టాపులో యూనిఫారాల పిల్లలు నిలబడే వేళకు నేను కిటికీ వైపు పోవడం మానేశాను. మొదటి శుక్రవారం వీడియో కాల్ వచ్చింది. ఇక్బాల్ పరుగున వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

తెర నిండా తూబా నవ్వు. వెనక తెల్లటి గోడ, కిటికీలో ఖర్జూర చెట్టు కొస. మస్కట్ ఎండ గురించి, చేరబోయే కొత్త స్కూలు గురించి, సముద్రంలో కామ్రాన్ ఉప్పునీళ్లు తాగేసిన సంగతి గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మధ్యలో వాడే వచ్చి మీద పడితే, ఈసారి చక్కగా చంకనెత్తుకుంది. నేర్చేసుకుంది. పొట్టి చేతుల గౌను వేసుకుంది. కుడి జబ్బ మీద ముడి ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"బేటా, ఇమామ్ జామిన్ ఏది?" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఇచ్చేసిన, అమ్మీ! వచ్చిన రోజే. అబ్బా నన్ను మస్జిద్ కాడికి తీస్కపోయిండు. గేటు కాడ ఒక ముసలామె ఉంటె ఆమెకిచ్చిన. ముడి రాలే, సో టైట్! ఆంటీ, నేను కలిసి విప్పినం. కొయ్యలే, దుపట్టా గుడ్డ దాచిపెట్టిన." కామ్రాన్ చెయ్యి తన మొహం మీద నుంచి తీసి, సరిగ్గా పాఠం అప్పజెప్పేటప్పటి మొహంతో నన్ను చూసింది. "ఇల్లు చేరినంక విప్పాలె గదా? కరెక్ట్ చేసిననా?"

ఇక్బాల్ చెయ్యి నా వీపు మీదకు వచ్చింది. ఊరికే చెయ్యి పెట్టి ఉంచాడు.

"కరెక్ట్ చేసినవ్, బిడ్డా," అన్నాను. "మంచి పని చేసినవ్."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. దానికి చెప్పినట్టే ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని నమాజుకు నిలబడ్డాను. చేతులెత్తి అడుగుదామంటే ఏమీ తోచలేదు. తొమ్మిదేళ్లుగా ప్రతి ముడికీ నేను అడిగింది ఒక్కటే, నా బిడ్డను క్షేమంగా ఇల్లు చేర్చమని. చేర్చాడు.